పగడాలు బతికితే చాలదు, దిబ్బ కట్టాలి

సంపాదకుల వారికి నమస్కారం.

అండమాన్ నికోబార్ దీవుల్లోని గ్రేట్ నికోబార్‌లో, గలాథియా బే వద్ద కట్టబోయే ఓడరేవు కోసం 16 వేలకు పైగా పగడపు గుత్తులను తీసి వేరే చోట నాటుతారన్న వార్త, 2022లో ఆ ప్రాజెక్టుకు పర్యావరణ అనుమతి వచ్చినప్పటి నుంచి పత్రికల్లో వస్తూనే ఉంది. నాటిన వాటిలో ఎన్ని బతుకుతాయన్నదాని చుట్టూనే చర్చ తిరుగుతోంది. పగడాలు సున్నపు అస్థిపంజరాలతో సముద్రంలో దిబ్బలు కట్టే చిన్న జీవులు గనుక ఆ లెక్క ఒక్కటే చాలదని, సహజంగానే ఆమ్లగుణం ఎక్కువగా ఉన్న సముద్ర జలాల్లో పెరిగే పగడాలను చూస్తే అది తెలుస్తుందని మనవి చేయడానికి ఈ లేఖ రాస్తున్నాను.

మెక్సికోలోని యూకటాన్ తీరంలో, ప్యూర్టో మొరెలోస్ వద్ద, సున్నపురాతి నేల అడుగు నుంచి ఊటనీరు సముద్రంలోకి ఉబికి వస్తుంది. నీటి ఆమ్లగుణాన్ని పీహెచ్ అనే అంకెతో కొలుస్తారు, అది తగ్గేకొద్దీ ఆమ్లగుణం పెరిగినట్టు. మామూలు సముద్రజలం పీహెచ్ 8.1 దగ్గర ఉంటే, ఊట నోటి వద్ద అది 7కు అటూ ఇటూగా ఉంటుంది. ఆ నీటిలోనూ పగడాలు ఉన్నాయి. అంతవరకే చూస్తే ఊరట కలిగించే విషయమే. కానీ 2012, 2013లలో వెలువడిన పరిశోధనల ప్రకారం ఊటల పక్కన కనిపించినవి మూడు జాతులే, అవీ చిన్న చిన్న గుత్తులే. వాటిలో ఒక జాతి అస్థిపంజరాన్ని తొలిచి నమూనాలు తీసి చూస్తే, దగ్గర్లోని మామూలు నీటిలో పెరిగిన అదే జాతి కంటే సాంద్రత తక్కువగా ఉంది, పురుగులూ నత్తజాతి జీవులూ తొలిచిన బొరియలు ఎక్కువగా ఉన్నాయి. పుట్టిన నాటి నుంచి ఆ నీటిలోనే ఉన్నా వాటికి ఆ నీరు అలవాటు కాలేదు. సిమెంటు తగ్గించి ఇసుక ఎక్కువ కలిపి లేపిన గోడ ఎలా నిలబడుతుందో, అవీ అలాగే నిలబడి ఉన్నాయి.

కారణం తెలిసినదే. పగడపు జీవి తన కండకూ అస్థిపంజరానికీ మధ్యనున్న సన్నని ద్రవపు పొరలోంచి, ఆమ్లగుణానికి కారణమైన హైడ్రోజన్ అయాన్లను బయటకు తోడి, అక్కడ సున్నం పేరుకునేలా చేస్తుంది. చుట్టూ ఉన్న నీటిలో ఆమ్లగుణం పెరిగేకొద్దీ ఆ తోడే పనికి ఎక్కువ శక్తి ఖర్చవుతుంది, కట్టడానికి కావలసిన కార్బొనేటు తగ్గిపోతుంది.

పాపువా న్యూగినీలో సముద్రం అడుగు నుంచి బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) బుడగలుగా పైకి వచ్చే చోట్ల మరో సంగతి బయటపడింది. పీహెచ్ 7.8కు దిగినా పగడాలు పరచుకున్న విస్తీర్ణం తగ్గలేదు. కానీ చేపపిల్లలు దాక్కునే కొమ్మల జాతులు పలచబడి, గుండ్రని బండల్లాంటి ఒక్క రకమే పెత్తనం చేస్తోంది. 7.7 కంటే దిగువన దిబ్బ ఏర్పడటమే ఆగిపోయింది. పసిఫిక్ సముద్రంలోని పలావు దీవుల్లో ఆమ్లగుణం ఉన్న అఖాతాల్లో జాతుల వైవిధ్యం నిలిచినా, తొలిచే జీవుల బెడద సుమారు 11 రెట్లు పెరిగింది. అంటే విస్తీర్ణం లెక్క గానీ, జాతుల లెక్క గానీ, దేనికది విడిగా చూస్తే మనల్ని మోసం చేస్తుంది.

మామూలు సముద్రంలోనూ ఆమ్లగుణం పెరుగుతోంది. పరిశ్రమల యుగానికి ముందుతో పోలిస్తే గాలిలో బొగ్గుపులుసు వాయువు పది లక్షల పాళ్లలో 280 నుంచి 420కి పైగా పెరిగింది. మనం వదిలే దానిలో దాదాపు నాలుగో వంతును సముద్రం పీల్చుకుంటోంది, అది నీటిలో కరిగి ఆమ్లగుణాన్ని పెంచుతోంది. పీహెచ్ 8.2 నుంచి 8.1కి దిగడం చిన్న తేడాగా కనిపించవచ్చు గానీ, హైడ్రోజన్ అయాన్లు సుమారు 30 శాతం పెరిగాయని దాని అర్థం.

ఒడిశాలోని మా గంజాం తీరంలో పగడపు దిబ్బలు లేవు. నదులు తెచ్చే మంచినీరూ బురదా వాటిని పెరగనివ్వవు. అయినా ఇది మాకు దూరపు విషయం కాదు. శ్రీకాకుళం వైపు నుంచి అండమాన్ వెళ్లి వేట మీద బతుకుతున్న తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి, అక్కడి చేపకు ఆ దిబ్బలే ఆధారం. గోపాల్‌పూర్ ఇసుకలో పిల్లలు ఏరుకునే గవ్వలూ అదే సున్నంతో తయారైనవి. ఒక గవ్వ మీద నిమ్మరసం పిండి చూడండి, బుడగలు లేస్తాయి. సముద్రం నిమ్మరసం కాదు, ఆమ్లం కూడా కాలేదు. అక్కడ పని నిదానంగా జరుగుతుంది, అంతే.

కాబట్టి నాటిన పగడాల విషయంలో బతికినవాటి సంఖ్యతో పాటు, ఏటా అవి ఎంత పెరిగాయి, అస్థిపంజరం సాంద్రత ఎంత, బొరియలు ఎన్ని, ఆ నీటి పీహెచ్ ఎంత అన్నవి కూడా ఏళ్ల తరబడి కొలిచి, అందరికీ అందేలా ప్రచురించాలని కేంద్ర పర్యావరణ శాఖను కోరుతున్నాను. మురుగునీరు చేరిన చోట తొలిచే జీవులు మరింత పెరుగుతాయి గనుక, నాటే చోట మురుగు కలవకుండా చూడటం అనుమతి షరతుల్లోనే ఉండాలి. ఆ నివేదికలు వెలువడినప్పుడు వాటిని తెలుగులో అచ్చువేయవలసిందిగా మీ పత్రికను అభ్యర్థిస్తున్నాను.

ఇట్లు
ఒక విశ్రాంత సైన్సు ఉపాధ్యాయుడు,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా