ఊళ్లు మోసుకొచ్చిన మీ అందరికీ కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. పోయిన శుక్రవారం హైదరాబాద్ రాయదుర్గంలోని మా ఆఫీసులో పెట్టుకున్న వలస కథల కార్యక్రమం బాగుందని చాలామంది మెసేజ్‌లు పెట్టారు. క్రెడిట్ నా ఖాతాలో వేస్తున్నారు గానీ నేను చేసింది పేర్లు రాసుకోవడం, ఫోన్లు చేయడం, టెన్షన్ పడటం. అసలు పని చేసినవాళ్లు వేరే. వాళ్లకు నలుగురి ముందూ థాంక్స్ చెప్పాలనే ఈ పోస్టు. పేర్లు వేయొద్దని కొందరు అడిగారు కాబట్టి ఎవరి పేరూ వేయడం లేదు. ఎవరి సంగతో వాళ్లకు తెలిసిపోతుంది.

బ్రిటన్‌లో 2020 నుంచి దక్షిణాసియా వారసత్వ మాసం జరుపుతున్నారు. జూలై 18 నుంచి ఆగస్టు 17 దాకా అని మొదట తేదీలు పెట్టుకున్నారు. 1947 జూలై 18న భారత స్వాతంత్ర్య చట్టానికి రాజు ఆమోదం దొరికింది, ఆగస్టు 17న భారత్, పాకిస్తాన్‌ల మధ్య ర్యాడ్‌క్లిఫ్ గీసిన సరిహద్దును ప్రకటించారు. అంటే ఆ తేదీల్లోనే దేశం చీలడం, జనం ఇళ్లు వదిలి నడవడం ఉన్నాయి. మా లండన్ ఆఫీసువాళ్లు ఏటా చేస్తారు, ఈసారి హైదరాబాద్ వాళ్లు కూడా ఏదో ఒకటి చేయండని మెయిల్ పెట్టారు. మా ఫ్లోర్‌లో వచ్చిన మొదటి ఐడియా: "మనం ఇక్కడే ఉన్నాం కదా, మనకేం వలస? కుర్తాలేసుకుని సమోసాలు తిని ఫొటో పంపేద్దాం."

దానికి అడ్డుపడింది టెస్టింగ్ టీమ్‌లోని బోధన్ తమ్ముడు. "అక్కా, తాతలు కూడా ఈ సిటీలోనే పుట్టినవాళ్లు చేతులెత్తమనండి" అన్నాడు. లేచిన చేతులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కార్యక్రమం పుట్టింది అక్కడే. తమ్ముడూ, మొదటి థాంక్స్ నీకు.

వాళ్ల ముత్తాత గుంటూరు వైపు నుంచి నిజాంసాగర్ కాలువ కింద భూమి కొనుక్కుని వచ్చాడట. 1931లో డ్యాం పూర్తయ్యాక డెల్టాలో ఉన్న కొద్దిపాటి పొలం అమ్మి ఇక్కడ అంతకు కొన్నిరెట్లు కొని, క్యాంపులు వేసుకుని స్థిరపడిన రైతులు చాలామంది. "బోధన్‌లో మమ్మల్ని ఆంధ్రోళ్లంటారు, గుంటూరు పెళ్లిళ్లకు పోతే నైజామోళ్లంటారు" అన్నాడు నవ్వుతూ. మా ఆఫీసులో ఆ మాట పైకి అనడానికి కొంచెం గుండె కావాలి. అన్నాడు, ఎవరూ నొచ్చుకోలేదు.

సికింద్రాబాద్ సింధీ కాలనీ నుంచి వచ్చే మా ఫైనాన్స్ మేడమ్ వాళ్ల నానమ్మ వీడియో పంపించారు. సింధ్‌లోని హైదరాబాద్‌లో పుట్టి, కరాచీలో ఓడెక్కి బొంబాయిలో దిగి, చివరికి మన హైదరాబాద్ చేరిన ఆవిడ, వీడియో మొత్తం తెలుగులోనే మాట్లాడారు. నానమ్మగారికి నమస్కారాలు.

ఇక అడ్మిన్ సార్ సంగతి తప్పక చెప్పాలి. కార్యక్రమం నోటీసులో 'ఎంప్లాయీస్‌కు మాత్రమే' అని ఉంది. సెక్యూరిటీ, క్యాంటీన్, హౌస్‌కీపింగ్ వాళ్లు కాంట్రాక్టరు రోల్స్‌లో ఉంటారు కాబట్టి లెక్కలోకి రారు. వలస కథలని పేరు పెట్టి వాళ్లను బయట నిలబెట్టడం నాకైతే సిగ్గనిపించింది. సార్ ఎవరితో ఏం మాట్లాడారో గానీ ఆ లైను తీసేయించారు. అంతకన్నా పెద్ద పని, ఆ రెండు గంటలూ వాళ్లకు డ్యూటీ కిందే రాయించారు. లేకపోతే ఎవరొస్తారు?

మా గేటు దగ్గరి సెక్యూరిటీ అన్నయ్యది పాలమూరులోని మక్తల్ వైపు. "మాది కథేంది మేడమ్? బతుకపోయినం, వచ్చినం" అన్నాడు మొదట. తీరా మైకు పట్టుకున్నాక ఆగలేదు. దసరాకు కూలీలను కుదుర్చుకునే గుంపు మేస్త్రీ ఊళ్లోకి రావడం, అడ్వాన్సు చేతిలో పెట్టడం, లారీ ఎక్కడం, ముసలోళ్లు మాత్రమే ఊళ్లో మిగలడం. 1960లో మొదలై రెండు దశాబ్దాలు సాగిన శ్రీశైలం డ్యాం పనుల దగ్గర, గుడిసెలో పుట్టాడట ఆయన. వాళ్లమ్మ తలమీద తట్ట కింద పెట్టుకున్న చుట్టబట్ట తెచ్చి చూపించాడు. పాలమూరు లేబర్ అని పేపర్లలో చదవడమే తప్ప, ఆ బట్టను చేత్తో పట్టుకోవడం మా ఫ్లోర్‌లో చాలామందికి అదే మొదలు.

క్యాంటీన్ అక్కది జగిత్యాల దగ్గర పల్లె. భర్త దుబాయిలో ఉన్న రోజుల్లో ఉత్తరాలకు బదులు క్యాసెట్లు వచ్చేవి. సెలవు మీద వచ్చేవాళ్ల చేతికిచ్చి పంపేవాళ్లు, ఈవిడ జవాబు రికార్డు చేసి అదే మనిషి తిరిగిపోయేటప్పుడు పంపేది. ఒక క్యాసెట్ దాచుకుంది. వినిపించడానికి టేప్ రికార్డర్ ఏది? మా సౌండ్ చూసుకున్న అబ్బాయి ఎర్రగడ్డ ఆదివారం సంతలో వెతికి ఒకటి పట్టాడు. టేపు లోపల చిక్కుపడితే పెన్సిల్ దూర్చి ఓపిగ్గా చుట్టి సరిచేశాడు. అక్క మొత్తం వినిపించనివ్వలేదు, కొంచెమే అంది. ఆ కొంచెంలో ఆయన గొంతు గబగబా అడుగుతోంది: "బోరు పడ్డదా? పెద్దోడు బడికి పోతుండా?" ఆ పెద్దోడు ఇప్పుడు దుబాయిలోనే ఉన్నాడు.

అక్కా, నువ్వు ఆపమన్నచోట ఆపినందుకు మావాడికి, వినిపించినందుకు నీకు, ఇద్దరికీ థాంక్స్.

లండన్ నుంచి వీడియో కాల్‌లో కలిసిన మారిషస్ తెలుగు అమ్మాయికి కూడా. 1843లో 'కోరింగా ప్యాకెట్' అనే ఓడ కోరంగి రేవు నుంచి తెలుగు కూలీలను మారిషస్ తీసుకెళ్లింది. తన పూర్వీకులు ఏ ఓడ ఎక్కారో ఈ అమ్మాయి వెతుకుతోంది. తెలుగు బాగా తక్కువ వచ్చు. అక్కడ ఉగాదికి ప్రభుత్వ సెలవు ఉంటుందని, ఇంట్లో సింహాద్రి అప్పన్న పూజ చేస్తారని చెప్పింది. ముందు వరసలో కూర్చున్న మా అమ్మ, మైకు అవసరం లేకుండానే, "ఓలమ్మా, అప్పన్నబాబు అంతదూరం ఎల్లిపోనాడేటి!" అనేసింది. హాలంతా నవ్వులు. అమ్మది విశాఖ కదా.

పుట్టింది మాత్రం రంగూన్‌లో. 1962లో బర్మాలో జనరల్ నే విన్ సైన్యం గద్దెనెక్కింది, 1964లో దుకాణాలన్నీ జాతీయం చేశారు, భారతీయులు లక్షల్లో తిరుగుముఖం పట్టారు. అప్పుడు అమ్మకు 11 ఏళ్లు. ఓడ దిగి విశాఖలో బర్మా క్యాంపు చేరారు. తాతయ్యది ఒక కాగితం ట్రంకు పెట్టెలో ఉండిపోయింది, అంతా బర్మా లిపి. ఇన్నేళ్లూ చదివేవాళ్లే దొరకలేదు.

చదివించింది హైదరాబాద్ పాతబస్తీ దగ్గర బార్కస్‌లో ఉండే మా భాయ్. వాళ్ల పూర్వీకులు యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి నిజాం కొలువుకు వచ్చారు. 1948లో నిజాం రాజ్యం భారత్‌లో కలిశాక కొందరు అరబ్బులు వెనక్కి వెళ్లిపోయినా వీళ్ల కుటుంబం ఉండిపోయింది. కాగితం సంగతి వినగానే, బర్మా నుంచి శరణార్థిగా వచ్చి పక్కనే బాలాపూర్‌లో ఉంటున్న ఒక రోహింగ్యా కుర్రాణ్ణి ఇంటికి పిలిపించాడు. ఆ అబ్బాయి చిన్నప్పుడు బర్మాలోని అరకాన్‌లో బర్మా భాషలోనే బడి చదివాడట. అమ్మను చూసి ముందు అడిగింది కాగితం గురించి కాదు. "థమిన్ సా పీ బీ లా?" అన్నాడు, అన్నం తిన్నారా అని. అమ్మ ఒక్క క్షణం తడుముకుని "సా పీ బీ" అంది. అరవై ఏళ్లుగా ఆ మాట ఎవరితోనూ అనాల్సిన పని పడలేదు ఆవిడకి.

ఆ తర్వాత కాగితం చదివాడు. మా మేనమామలు పెళ్లిళ్లలో చెప్పుకునే రంగూన్ వ్యాపారం అందులో ఎక్కడా లేదు. తాతయ్య రైస్ మిల్లులో కూలీ అని ఉంది. అమ్మ నవ్వేసి, "మీ మావయ్యలకి ఫోన్లో నేనే చెప్తాను, నువ్వు చెప్పకు" అంది. డబ్బులిస్తే ఆ అబ్బాయి తీసుకోలేదు. భాయ్ వాళ్లమ్మగారు పెట్టిన హరీస్ (గోధుమలు, మాంసం కలిపి వండే అరబ్బుల వంటకం) మాత్రం మాతోపాటు కూర్చుని తిన్నాడు. తనకు ఈ పోస్టు ఎవరైనా చదివి వినిపిస్తారని నమ్ముతున్నాను. బాబూ, మా ఇంట్లో ఎవరూ చేయలేని పని నువ్వు చేశావు.

మ్యాపు మీద ఎర్రదారాలు కట్టినవాళ్లకు, కుర్చీలు సర్దిన హౌస్‌కీపింగ్ అమ్మలకు, రిలీజ్ వారంలో కూడా ట్రైనింగ్ రూము వదిలిన మా మేనేజర్‌కు కృతజ్ఞతలు. సమోసాలు కూడా వచ్చాయి, ఆ కోరిక కోరినవాళ్లు బాధపడనక్కర్లేదు.

వస్తువులిచ్చినవాళ్లు ఈ వారంలో అడ్మిన్ రూములో తీసుకోండి. టేప్ రికార్డర్ అక్కడే ఉంచుతున్నాం. ఇళ్లలో పాత గల్ఫ్ క్యాసెట్లు ఉంటే ఫోన్లోకి ఎక్కించి ఇస్తానని మా సౌండ్ అబ్బాయి ఒప్పుకున్నాడు. ఆఫీసువాళ్లే కానక్కర్లేదు, ముందుగా నాకొక మెసేజ్ పెట్టి రండి.