మెలికల ముగ్గులో గ.సా.భా

ఒరేయ్ శీనూ,

ఎలా ఉన్నావు? ఫోన్లో నా బొమ్మల సంగతి సగంలో ఆపేశాను, గీసి చూస్తే తప్ప తెలిసేది కాదని. పెన్సిలూ కాగితం దగ్గర పెట్టుకుని చదువు.

ఇప్పుడు నల్ల చార్టుల మీద తెల్ల రంగుతో మెలికల ముగ్గులు వేస్తున్నా. గీత చుక్కల మధ్య నుంచి ఏటవాలుగా పోవాలి, అంచుకొచ్చాక చుక్కని చుట్టి వెనక్కి తిరగాలి. 3 వరసల్లో 5 చుక్కల చొప్పున పెడితే, ఒకే గీత అన్నిటినీ చుట్టి మొదలైన చోటికే వస్తుంది. 4 వరసల్లో 6 చొప్పున పెడితే రెండు గీతలు కావాలి. 4కి 4 అయితే నాలుగు. గీతలెన్నో చెప్పేది ఆ రెండు సంఖ్యల గ.సా.భా, అంటే రెండిటినీ శేషం లేకుండా భాగించే అతి పెద్ద సంఖ్య! బళ్లో మనం చేసిన అదే గ.సా.భా. ముగ్గు వెయ్యకముందే జవాబు తెలిసిపోతుందిరా.

అంగోలాలో చోక్వే జనం కథ చెబుతూ ఇసుకలో వేలితో గీసే సోనా బొమ్మల్లో కొన్నిటికీ ఇదే లెక్క. మొజాంబిక్ గణితవేత్త పౌలుస్ గెర్డెస్ వాటి మీద చాలా పని చేశాడు. మన పక్కనే మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో గిఫ్ట్ సిరొమొనీ వాళ్లు 1970ల్లోనే కోలాలకి, అంటే తమిళ ముగ్గులకి, కంప్యూటర్ వ్యాకరణం (బొమ్మని పుట్టించే నియమాలు) రాశారు.

నన్ను పట్టుకున్నది మాత్రం 4కి 4 ముగ్గు. నాలుగు గీతల్లో ఏ రెండు తీసుకున్నా సరిగ్గా నాలుగు చోట్ల దాటుకుంటాయి, మొత్తం 24 కూడళ్లు. రెండు వేరే గీతల కూడలి దగ్గర వాటిని తెంచి, దాటకుండా పక్కపక్కనే వంచి కలిపితే రెండూ ఒక్కటైపోతాయి. అలా మూడు చోట్ల చేస్తే ముగ్గంతా ఒకే గీత. ఒకటి కలిపాక జాగ్రత్త, గీత తనని తానే దాటే చోట తెంచితే మళ్లీ రెండుగా విడిపోవచ్చు. మూడు చాలని లెక్క చెబుతుంది కానీ ఏ మూడో చెప్పదు. అన్నీ ఒక మూలకే తీసుకుంటే బొమ్మ అటు ఒరిగిపోతుంది. నడిమధ్యన ఒకటి కలిపితే అక్కడే చూపు ఆగుతుంది. నాకు బొమ్మ గీయడమంటే ఆ మూడూ ఎంచుకోవడమేరా. గంటలు గంటలు దాని మీదే కూర్చుంటున్నా, విసుగే రావడం లేదు.

నువ్వు 6 వరసల్లో 9 చొప్పున వెయ్యి. మూడు గీతలొస్తాయి, రెండు కూడళ్లు కలిపితే చాలు. ఏవి కలిపావో ఎర్ర స్కెచ్‌తో గుర్తుపెట్టి ఫోటో పంపు. నావి కూడా పంపుతా, పక్కపక్కన పెట్టి చూద్దాం.

నీ
రవి