విదేశీ ఆటగాళ్ల జెర్సీలు ఇకపై ఆర్డరు మీదే: మా దుకాణం నిర్ణయం, దాని కారణాలు

విశాఖపట్నంలోని మా క్రీడా సామగ్రి దుకాణాన్ని ఆదరిస్తున్న ఫుట్‌బాల్ అభిమానులకు నమస్కారం. ఇండియన్ సూపర్ లీగ్‌లో ఆడే విదేశీయుల పేర్లు ముద్రించిన జెర్సీలను ఇకపై మేము ముందుగా సిద్ధం చేసి ఉంచడం లేదు. కావలసినవారు సగం సొమ్ము చెల్లించి ఆర్డరు ఇస్తే వారం రోజుల్లో ముద్రించి ఇస్తాము. భారతీయ ఆటగాళ్ల జెర్సీలు మాత్రం పిల్లల సైజులతో సహా ఎప్పుడూ దొరుకుతాయి.

మొదటి కారణం వ్యాపారానిదే. విదేశీ ఆటగాళ్లలో చాలామంది ఒకటి రెండు సీజన్ల ఒప్పందం మీద వచ్చి, అది ముగియగానే వేరే జట్టుకో వేరే దేశానికో వెళ్లిపోతారు. వారి పేరుతో మిగిలిపోయిన సరుకును అడిగేవారు ఉండరు, ఆ నష్టాన్ని బూట్ల ధరలోనో బంతుల ధరలోనో కలిపి మీ మీద వేయడం నాకు ఇష్టం లేదు.

రెండో కారణం ఆటకు సంబంధించినది: భారతీయ ఫార్వర్డ్‌లకు (గోల్ కొట్టే ముందు వరుస ఆటగాళ్లకు) అవకాశాలు తక్కువగా ఉన్నప్పుడు, మన పిల్లల కళ్ల ముందు భారతీయ ఆటగాళ్ల పేర్లే ఉండాలని నా కోరిక. 2014లో లీగ్ మొదలైనప్పుడు ఒక్కో జట్టు తరఫున ఆరుగురు విదేశీయుల వరకు మైదానంలో ఉండే వీలుండేది. ఆ సంఖ్య 2017-18లో ఐదుకు, 2021-22లో నాలుగుకు తగ్గింది. ఈ పరిమితిని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను, కానీ అది ఎంతమంది అన్నదే చూస్తుంది తప్ప ఏ స్థానంలో అన్నది చూడదు. క్లబ్బులు ఆ నాలుగు చోట్లలో ఒకటైనా గోల్ కొట్టే స్ట్రైకర్‌కే కేటాయిస్తాయి. నాలుగు పరిమితి వచ్చిన ఆ తొలి సీజన్‌లోనే అప్పటి మన పొరుగు జట్టు హైదరాబాద్ ఎఫ్‌సీ విజేతగా నిలిచినప్పుడు, లీగ్‌లో అత్యధికంగా 18 గోల్స్ చేసినవాడు ఆ జట్టులోని నైజీరియా ఆటగాడు ఓగ్బెచే. 2024-25 వరకు ఏ సీజన్‌లోనూ గోల్డెన్ బూట్ (అత్యధిక గోల్స్ చేసినవారికి ఇచ్చే బహుమతి) భారతీయుడికి దక్కలేదు. 2024 జూన్‌లో జాతీయ జట్టుకు వీడ్కోలు చెప్పిన స్ట్రైకర్ సునీల్ ఛెత్రి 2025 మార్చిలో, నలభై ఏళ్ల వయసులో మళ్లీ బరిలోకి దిగవలసి వచ్చిందంటే కొరత ఎక్కడ ఉందో స్పష్టమే. బూట్ల కోసం మా దగ్గరికి వచ్చే పిల్లల్లో ఎక్కువమంది ఫార్వర్డ్‌గానే ఆడాలని కోరుకుంటారు. కనుక సంఖ్యను ఇంకా తగ్గించడం కంటే, యువ భారతీయ ఫార్వర్డ్‌లకు ప్రతి మ్యాచ్‌లో కొన్ని నిమిషాలైనా తప్పనిసరి చేయడం మేలని నా అభిప్రాయం.

ఇది ఎవరి పట్లా వ్యతిరేకత కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదువుకుంటూ ఇక్కడి మైదానాల్లో మన కుర్రాళ్లతో కలిసి ఆడే ఆఫ్రికా విద్యార్థులు మాకు ఎంతో ఆప్తులైన కొనుగోలుదారులు, వారి నుంచి మన పిల్లలు నేర్చుకునేది చాలా ఉంది.

ఇప్పటికే సొమ్ము చెల్లించినవారి ఆర్డర్లు పాత పద్ధతిలోనే పూర్తి చేస్తాము. ప్రస్తుతం మిగిలి ఉన్న విదేశీ ఆటగాళ్ల జెర్సీలను మేము కొన్న ధరకే ఇస్తున్నాము, వాటిలో పెద్దల సైజులే ఎక్కువగా ఉన్నాయి.