‘తీరని లోటు’కు కొంచెం సెలవిప్పించండి

సంపాదకులు గారికి నమస్కారాలు.

నేను ముప్పై ఏళ్ళకు పైగా అచ్చాఫీసులలో ప్రూఫులు దిద్ది, కళ్ళు ఇక వద్దన్నాక ఇంట్లో కూర్చున్నవాణ్ణి. సీసపు అక్షరాల కాలంలో మా దగ్గర అక్షరాలు పేర్చే పని చేసిన ఒక కంపోజిటరు, ప్రముఖులెవరైనా పోయారన్న కబురు చెవిన పడగానే, వ్యాసం చేతికి రాకముందే ‘తీరని లోటు’, ‘బహుముఖ ప్రజ్ఞాశాలి’, ‘నిగర్వి’, ‘స్నేహశీలి’ అన్న మాటలను పేర్చుకుని, దారం చుట్టి, పేర్చిన అక్షరాలు ఉంచే పళ్ళెం, అదే గ్యాలీలో ఒక వారగా సిద్ధంగా ఉంచుకునేవాడు. పోయినవారు కవి అయినా, గాయకుడైనా, మంత్రి అయినా ఆ సరుకు ఏనాడూ మిగిలిపోలేదు. సీసం పోయి కంప్యూటరు వచ్చి ఇన్నేళ్ళయినా ఆ దారం ఇంకా ఎవరూ విప్పలేదని, నేను రోజూ చదివే పత్రికల్లోని జయంతి, వర్ధంతి వ్యాసాలు చూస్తే తెలుస్తోంది. పోయినవారందరూ ఒకే మనిషి అయిపోతున్నారు. దాని గురించే ఈ ఉత్తరం.

పొగడ్త ఎక్కువైందని కాదు నా ఫిర్యాదు. పొగడ్తలో నుంచి నవ్వును రాళ్ళు ఏరినట్టు ఏరి పారేస్తున్నారని. బతికుండగా ఎవరి పేరు చెబితే ఇంటిల్లిపాదీ నవ్వుకున్నామో, వారి నివాళి దగ్గరికి వచ్చేసరికి చెప్పులతో పాటు నవ్వును కూడా గుమ్మం బయట విడిచి వెళ్ళాలన్న నియమం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు బోధపడలేదు. 2025 జూలైలో కోట శ్రీనివాసరావు గారు కన్నుమూసినప్పుడు నేను చదివిన వ్యాసాలలో, ఆయన మొదట బ్యాంకు ఉద్యోగి అనీ, 1999 నుంచి 2004 దాకా విజయవాడ తూర్పు శాసనసభ్యులనీ, 2015లో పద్మశ్రీ అందుకున్నారనీ అన్నీ ఉన్నాయి, అన్నీ నిజాలే. మా అరుగు మీద చేరిన నలుగురిలో మాత్రం ఒక్కరూ పద్మశ్రీ ఊసెత్తలేదు. ‘అహ నా పెళ్ళంట’ సినిమాలో కోడిని ఎదురుగా వేలాడదీసి, దాన్ని చూస్తూ ఉత్త అన్నం లొట్టలు వేసుకుంటూ తిన్న ఆ పిసినారిని తలుచుకుని, కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. కళ్ళు తుడుచుకున్నది నవ్వొచ్చా, ఏడుపొచ్చా అన్నది నాకు తెలియలేదు. వాళ్ళకూ తెలియదనే అనుకుంటాను.

పరాచికమాడాలంటే తెలుగువాళ్ళం ముందు వరస చూసుకుంటాం. బావతో ఆడిన మాట మామగారితో ఆడం. వరస కానివాళ్ళ దగ్గర నోరు జారితే ఇంట్లో పెద్దలు వెంటనే, ‘వాడు నీకేమవుతాడనిరా ఆ మాటలు?’ అని నిలదీస్తారు. ప్రముఖుల విషయంలోనూ ఇదే లెక్క నడుస్తోందని నా అభిప్రాయం. ఎవరి మీద మనం ధైర్యంగా ఛలోక్తి విసురుతామో, వారికి మనసులో ఎప్పుడో ఒక వరస కట్టేసి ఉంటాం. వరస కుదరనివారికి ఒక దండం పెట్టి ఊరుకుంటాం. కనుక నివాళిలో నవ్వు తీసేయడమంటే, ఆ మనిషిని చుట్టరికంలో నుంచి తీసేసి దండాల వరసలో నిలబెట్టడమే.

ఈ లెక్కన తెలుగువాళ్ళందరికీ అత్తగారి వరస అయినవారు సూర్యకాంతం గారు. కాకినాడ దగ్గరి వెంకటకృష్ణరాయపురంలో 1924 అక్టోబరు 28న పుట్టిన ఆవిడ తన పేరును ఎంతగా సొంతం చేసుకున్నారంటే, ఆ తరువాత కూతురికి ఆ పేరు పెట్టడానికి తల్లిదండ్రులు జంకారు. సూర్యుడూ కాంతీ కలిసిన అంత చక్కని పేరును ఒక్క మనిషి భాషలో నుంచి ఎత్తుకుపోయారన్న నేరారోపణ ఆవిడ మీద ఈనాటికీ ఉంది. ఆరోపించేవాళ్ళందరూ నవ్వుతూ, మురిసిపోతూ ఆరోపిస్తారన్నది వేరే సంగతి. 1962లో వచ్చిన ‘గుండమ్మ కథ’లో రామారావు, నాగేశ్వరరావు, రంగారావు, సావిత్రి, జమున అందరూ ఉన్నారు. వారిలో ఏ ఒక్కరి పేరు చెప్పినా టికెట్లు తెగే రోజులవి. అయినా సినిమా పేరు మాత్రం ఆవిడ పాత్రకే దక్కింది.

ఆవిడది ఎడమచేతివాటం. ఎదుటివాళ్ళు ఇంకా మాట్లాడుతూనే ఉండగా మెడ ఒక పక్కకు తిప్పి, పెదవి ఒక మూలకు లాగి, ఎడమచెయ్యి గాలిలోకి విసిరి వేళ్ళు విదిలిస్తే, మాట నోట్లో నుంచి రాకముందే సగం తిట్టు అయిపోయేది. అదే పని కుడిచేత్తో చేసి ఉంటే మామూలు గయ్యాళితనంగా మిగిలేదేమో గాని, ఆ ఎడమచేతి విసురు వల్ల అందులోకి ఒక దర్జా వచ్చి చేరింది. తెర మీద కోడలికి గుక్కెడు గంజి పోయని ఈ అత్తగారు, షూటింగులకు ఇంటి నుంచి వంటకాలు మోసుకొచ్చి తోటివాళ్ళకు కొసరి కొసరి వడ్డించేవారని ఆవిడతో పనిచేసినవాళ్ళు ఎందరో చెప్పారు. వ్యాసకర్తలు ఈ వడ్డన సంగతి రాసి, ఆ గయ్యాళితనాన్ని మర్యాద కొద్దీ ఒక వాక్యంతో సరిపెడతారు. గంజి పోయని సంగతి ముందు చెప్పకపోతే కొసరి వడ్డించిన సంగతికి రుచి ఎక్కడిది?

ఇక్కడ నా వృత్తిలో తగిలిన ఒక సరదా లెక్క చెప్పాలి. ప్రూఫు దిద్దేటప్పుడు పుట్టిన సంవత్సరాలు సరిచూడడం నాకు జబ్బులాంటి అలవాటు. 1957 నాటి ‘మాయాబజార్’లో సూర్యకాంతం హిడింబి, ఎస్.వి. రంగారావు ఆవిడ కన్నకొడుకు ఘటోత్కచుడు. కొడుకు పుట్టింది 1918లో, తల్లి పుట్టింది 1924లో. ‘గుండమ్మ కథ’లో చిన్నల్లుడైన నాగేశ్వరరావు 1924 సెప్టెంబరు 20న పుట్టారు కనుక, అత్తగారి కన్నా నెలా ఎనిమిది రోజులు పెద్ద, పెద్దల్లుడు రామారావు 1923 మే నెలలో పుట్టి ఏడాదికి పైగానే పెద్ద. ఆ 1962లోనే మహామంత్రి తిమ్మరుసుగా నటించిన గుమ్మడి వెంకటేశ్వరరావు, తనకన్నా నాలుగేళ్ళు పెద్దవారైన రామారావు గారి చేత, తండ్రిని పిలిచినట్టు, ‘అప్పాజీ’ అని పిలిపించుకున్నారు. పిలిచినవారిలో గాని, పలికినవారిలో గాని ఎక్కడా తొట్రుపాటు లేదు. ఈ అంకెలన్నీ ఒకచోట చేర్చిన వ్యాసం ప్రూఫును మా సబ్ ఎడిటరు ఒకాయన ‘అచ్చుతప్పులున్నట్టున్నాయి, మళ్ళీ చూడండి’ అని రాసి వెనక్కి పంపాడు. మళ్ళీ చూశాను. అక్షరం కూడా తప్పు లేదు. కొడుకు కన్నా చిన్నదైన తల్లిని చూస్తూ ఒక్క ప్రేక్షకుడికీ అనుమానం రానివ్వని ఆ నటుల ఘనత గురించి ఏ ‘నటనా వైదుష్యం’ అన్న సమాసమూ ఆ నాలుగంకెలంత బాగా చెప్పలేదు.

నటుల మాట సరే, ఏలినవారి మీద నవ్వడం తగునా అని మీరు అడగవచ్చు. పి.వి. నరసింహారావు గారు ప్రధానిగా ఉన్న 1991-96 మధ్య కార్టూనిస్టులకు ఆయన మూతి విరుపు ఒక్కటి చాలేది. కింద పేరు రాయనక్కర లేకపోయేది. అన్ని భాషలు వచ్చిన మనిషి అన్నిటిలోనూ మౌనంగా ఉండగలరన్న ఛలోక్తి ఆ రోజుల్లో నోటినోటా తిరిగింది. అది వేళాకోళమే, కాదనను. కానీ ‘వేయిపడగలు’ను ‘సహస్రఫణ్’గా హిందీలోకి తెచ్చిన పండితుడనీ, అరవై దాటాక కంప్యూటరు నేర్చుకున్న విద్యార్థి అనీ, సభలో సొంత మెజారిటీ లేకుండా మొదలుపెట్టిన ప్రభుత్వాన్ని అయిదేళ్ళూ నడిపిన నేర్పరి అనీ మూడు వాక్యాలలో చెప్పవలసిన సంగతులన్నీ ఆ ఒక్క ఛలోక్తిలో మడిచి పెట్టి ఉన్నాయి. ఇంట్లో పెద్దగా మాట్లాడని పెదనాన్న ఉంటే పిల్లలు ఆయన వెనకాల ఇలాగే నవ్వుకుంటారు, ఆయన గొంతు సవరించుకుంటే గప్‌చిప్‌గా కూర్చుంటారు.

మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు లవంగి, మహతి, సుముఖం వంటి రాగాలను నాలుగేసి స్వరాలతోనూ, సర్వశ్రీని మూడింటితోనూ కట్టినప్పుడు పండితులు రాగమంటే ఎన్ని స్వరాలుండాలన్న చర్చలో తలమునకలయ్యారు. సంగీతం తెలిసిన నా మిత్రుడొకడు మాత్రం, ‘ఈయన ఇదే వరసలో పోతే చివరికి తంబురా శ్రుతినే రాగమని పాడి చప్పట్లు కొట్టించుకుంటారు’ అని, ఒక్క క్షణం ఆగి, ‘పాడగలరు కూడా’ అన్నాడు. ఆ రెండో మాట కోసమే మొదటిది అన్నాడని నాకప్పుడే తెలుసు.

ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారి సంగతి మరీ విచిత్రం. హాస్యనటులకు పాడితే వాళ్ళ నడక కూడా గొంతులోకి వచ్చేది. కమల్‌హాసన్ సంభాషణలకు గొంతిస్తే, ఆ అబ్బాయి తెలుగు ఎంత బాగా మాట్లాడుతున్నాడో అని పెద్దవాళ్ళు మెచ్చుకునేవారు. ‘గాంధీ’ సినిమా తెలుగులో వచ్చినప్పుడు బెన్ కింగ్‌స్లే నోట పలికిందీ ఈయన గొంతే. ఎవరి పనిని ఎవరికి జమ కట్టాలో తెలియక తికమకపడిన జనం, చివరికి అన్ని లెక్కలూ వదిలేసి ఆయనను ‘బాలు’ అని పొట్టి పేరుతో పిలుచుకున్నారు. వేల పాటలకు వచ్చిన బిరుదులన్నిటిలోకీ నాకు అదే పెద్దదిగా కనిపిస్తుంది.

నవ్వుకూ మెప్పుకూ విరోధం లేదనడానికి మిమిక్రీని మించిన రుజువు లేదు. ఒక మనిషి గొంతు తెచ్చుకోవాలంటే ఆ మనిషిని కొన్ని వందల గంటలు చెవి ఒగ్గి వినాలి. అంత సేపు ఇష్టం లేనివాళ్ళను ఎవరు వింటారు? వరంగల్లు వారైన నేరెళ్ళ వేణుమాధవ్ గారు ఈ విద్యకే పద్మశ్రీ అందుకున్నారు, 1972 నుంచి 1978 దాకా శాసనమండలి సభ్యులుగా కూడా ఉన్నారు. ఒక్క సభ్యుణ్ణి పంపితే ఇంతమంది గొంతులు సభకు వెళ్ళడం మన ప్రజాస్వామ్యంలో మరెప్పుడూ జరిగి ఉండదు. నా చిన్నతనంలో ఒక కాలేజీ వార్షికోత్సవంలో ఒక కుర్రాడు, వేదిక మీద కూర్చున్న ముఖ్య అతిథిని ఆయన ముందే అనుకరించాడు. ఆయన ఉపన్యాసంలో ప్రతి మూడో వాక్యానికీ ఉత్తరీయం సర్దుకుంటారు. కుర్రాడు భుజాన లేని ఉత్తరీయాన్ని సర్దుకున్నాడు. సభ గొల్లుమంది. ముఖ్య అతిథి నవ్వి నవ్వి, తన ఉత్తరీయం తీసి ఆ కుర్రాడి భుజాన వేశారు. ఆ తరువాత తాను మాట్లాడడానికి లేచి, అలవాటు కొద్దీ భుజం తడుముకున్నారు.

అలాగని నోటికి వచ్చినదల్లా ఛలోక్తి అయిపోదు. తెలుగులో వేళాకోళం వేరు, ఎకసెక్కం వేరు, వెక్కిరింత వేరు. ఇంత తేడా చూపించే మాటలు చేతిలో ఉండగా అన్నిటినీ ‘ట్రోలింగ్’ అన్న ఒక్క గోనెలో వేసి కట్టడం అన్యాయం. ఒకరి రంగు మీదో, రోగం మీదో, సంసారం మీదో విసిరేది వెక్కిరింత. అందులో నైపుణ్యం ఉండదు, ఎందుకంటే ఆ మనిషి చేసిన పనిని చూడకుండానే దాన్ని ఎవరైనా అనగలరు. సూర్యకాంతం గారి ఎడమచేతి మీద ఛలోక్తి వేయాలంటే ముందు ఆ చేతిని చూసి ఉండాలి.

ఈ కాలపు పిల్లలకు ఈ తేడా తెలియదని నేను కూడా అనుకునేవాణ్ణి. మొన్న మా మనవరాలికి ఫోనులో, పరీక్షకు ఎంతవరకు చదివావని, కామాలూ చుక్కలూ ఎక్కడివక్కడ పెట్టి మూడు వాక్యాల సందేశం పంపాను. జవాబుగా బ్రహ్మానందం గారి ముఖం వచ్చింది. కళ్ళు పైకి తేలేసి, దవడ కిందికి జారిన ముఖం. ఎంతవరకు చదివిందో పూర్తిగా అర్థమైంది. అత్తిలిలో తెలుగు లెక్చరరుగా మాటలు నేర్పి జీతం తీసుకున్న మనిషి, సినిమాల సంఖ్యతో గిన్నిస్ రికార్డు దాకా వెళ్ళి, చివరికి తన ముఖంతో మాటల అవసరమే లేకుండా చేశారు. ముప్పై ఏళ్ళ అనుభవం ఉన్న ప్రూఫ్‌రీడరుగా ఆ జవాబును రెండుసార్లు చూశాను. దిద్దడానికి ఏమీ లేదు.

కాబట్టి అయ్యా, నేను కోరేది చిన్న సవరణ. ప్రముఖుల మీద వ్యాసం రాసి తెచ్చినవారిని, బిరుదులు, అవార్డులు, తేదీలు అయ్యాక, ‘వీరిని తలుచుకుని మీ ఇంట్లో ఎందుకు నవ్వుకునేవారు?’ అని ఒక్క ప్రశ్న అడగండి. జవాబు చెప్పగలిగితే దాన్ని వ్యాసం మొదట్లో వేయండి. చెప్పలేకపోతే అప్పుడు ‘బహుముఖ ప్రజ్ఞాశాలి’ ఎలాగూ ఉంది.

రాబోయే అక్టోబరు 28న మీరు సూర్యకాంతం గారి ఫొటో వేస్తారనుకుంటాను. ప్రతిసారీ మెడ దాకా కత్తిరించి, ఒక్క కాలమ్ వెడల్పులో, బడి రిజిస్టరులో అతికించిన బొమ్మలా వేస్తున్నారు. అందులో ఎడమచెయ్యి పట్టదు. ఈసారి దయచేసి మూడు కాలమ్‌లు ఇప్పించండి.

భవదీయుడు,
ఒక విశ్రాంత ప్రూఫ్‌రీడరు