స్టార్లతో పాటు వయసూ రాయండి

సంపాదకులకు,

సెలవులొస్తే చాలు, ప్రసాద్స్ మొదలుకొని కూకట్‌పల్లి మాల్స్ దాకా హైస్కూలు పిల్లల సందడే. రెండున్నర స్టార్లా, రెండు ముప్పావా అని మీ సినిమా పేజీ ఎలాగూ చెబుతుంది. పదమూడేళ్ల పిల్లను తీసుకెళ్లొచ్చా అంటే మాత్రం జవాబుండదు. గూఢచారి సినిమాలను వెక్కిరిస్తూ తీసే కామెడీల దగ్గర ఈ లోటు మరీ తెలుస్తుంది.

2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించాక సెన్సార్ బోర్డు ఇచ్చే పాత యూఏ (పిల్లలు పెద్దల సలహాతో చూడదగ్గ) సర్టిఫికెట్ 7+, 13+, 16+ అని మూడుగా విడిపోయింది. ఈ అంకెలు తల్లిదండ్రులకు సలహా మాత్రమే, గేటు దగ్గర ఎవరూ ఆపరు. ‘ఏ’ సర్టిఫికెట్ అయితే పద్దెనిమిది నిండనివారికి, పక్కన నాన్న ఉన్నా, ప్రవేశం లేదు. ట్రైలర్‌ది వేరే సర్టిఫికెట్; దాన్ని చూసి సినిమాను అంచనా వేయకూడదు.

అసలు చిక్కు వేరే ఉంది. రక్తం, బూతులు, ముద్దుల మోతాదు ఎంతో సర్టిఫికెట్‌ను బట్టి ఓ అంచనాకు రావచ్చు. జోకు ఎవరి మీద పేలుతోందో చెప్పదు. హీరో కాపలావాడి మెడ విరిచి, టై సర్దుకుని, ఓ పంచ్ డైలాగ్ వదులుతాడనుకోండి. సీను అక్కడితో కట్ అయితే నవ్వింది చచ్చినవాడి మీద. అదే టై తలుపు సందులో ఇరుక్కుని, డైలాగ్ సగంలో గొంతు పట్టేస్తే నవ్వు హీరో డాబు మీద. వ్యంగ్యమంటే ఈ రెండోదే. మందు గ్లాసుతో అమ్మాయిని బుట్టలో వేసే సీన్లోనూ అంతే: ఆమె అతని గాలి తీసేస్తుందా, రెండు మాటలకే పడిపోతుందా చూడాలి. పైగా జేమ్స్‌బాండ్ తరహా సినిమా ఒక్కటీ చూడని పిల్లాడికి వెక్కిరింత అందదు. ఆ పోజునే స్టైలనుకుని, డబుల్ మీనింగ్ డైలాగును మర్నాడు స్కూలు బస్సులో అప్పజెబుతాడు.

ఓటీటీలో ముందే చూసుకునే వీలుంది. ఇరవై నిమిషాలు చాలు: మొదటి ఫైటు, పార్టీ లేదా క్యాసినో సీను, విలన్ డెన్. ఈ జానర్లో తేడా కొట్టేవి ఎక్కువగా అక్కడే. థియేటర్లో మ్యూట్ చేసిన బూతు ఇంట్లో వినిపించొచ్చు, సబ్‌టైటిల్లో కనిపించనూ వచ్చు. 2021 ఐటీ నిబంధనల ప్రకారం ఓటీటీలు వయసుతో పాటు హింస, భాష వంటి కారణాలనూ చూపాలి. 13+, ఆ పైవాటికి లాక్ సౌకర్యమూ ఇవ్వాలి. అయితే పిల్లల ప్రొఫైల్‌కు వయసు పరిమితి పెట్టి, నాన్న ప్రొఫైల్‌కు పిన్ పెట్టకపోతే ఏం లాభం? వాళ్లు నొక్కేది దాన్నే.

సినిమాల సమాచారమిచ్చే వెబ్‌సైట్ ఐఎండీబీలో పేరెంట్స్ గైడ్ పనికొస్తుంది. అందులో తక్కువ, ఎక్కువ అన్న గ్రేడును వదిలేసి కింద రాసిన సీన్ల వివరం చదవాలి. అవి ప్రేక్షకులు రాసినవి, అందరి కొలతా ఒకటి కాదు.

మీ సమీక్షల్లో స్టార్ల పక్కన ఒక్క వరుస చోటివ్వండి. ‘యూఏ 16+. రక్తం తక్కువ, డబుల్ మీనింగ్ ఎక్కువ, జోకులు హీరో మీదే’ అన్నా సరిపోతుంది. ఆదివారం దాకా ఆగకుండా రిలీజ్ రోజు సమీక్షలోనే వేయండి; వారాంతం టికెట్లు బుక్ చేసేది అప్పుడే.

– పాఠకులు, తార్నాక, హైదరాబాద్