కడుపునొప్పి అని డాక్టరుకు చూపించేటప్పుడు

తల్లిదండ్రులకు నమస్కారం.

అర్ధసంవత్సర పరీక్షల టైంటేబుల్, స్పెషల్ క్లాసుల వివరాలు క్లాస్ టీచర్లు డైరీలో రాయిస్తారు. ఈ నెల నేను వేరే సంగతి రాస్తున్నాను.

ఎనిమిది నుంచి పదో తరగతి దాకా సెలవు చీటీలు తిరగేస్తే తలనొప్పి, కడుపునొప్పి, నీరసం ఇవే కనిపిస్తాయి. చాలావరకు అవి మామూలు నొప్పులే. కొందరిలో మాత్రం వాటి వెనక డిప్రెషన్ ఉంటుంది. ఈ వయసులో అది ఏడుపుగానే బయటపడాలని లేదు. అయినదానికీ కానిదానికీ చిరాకు, పొద్దెక్కినా లేవకపోవడం, ఆటలు మానేయడం కూడా కావచ్చు. మనం దాన్ని పొగరు అంటాం, లేదా సెల్‌ఫోన్ మీదకి నెట్టేస్తాం. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ 2015–16లో 12 రాష్ట్రాల్లో చేసిన సర్వేలో 13–17 ఏళ్ల వాళ్లలో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్టు తేలింది. నలభై మంది ఉన్న సెక్షన్‌లో అయితే దాదాపు ముగ్గురు.

ఇలాంటి పిల్లల్ని మొదట చూసేది సైకియాట్రిస్టు కాదు, మన వీధిలోని ఎంబీబీఎస్ డాక్టరో, పీహెచ్‌సీ డాక్టరో. అక్కడ ఏం జరుగుతుందో మనకు తెలియనిది కాదు. "ఏమ్మా, ఏమైంది?" అని డాక్టరు గారు పిల్లను అడిగితే, "సరిగ్గా తినట్లేదండీ, ఎప్పుడూ పడుకునే ఉంటుంది" అని అమ్మ చెబుతుంది. నిద్ర పడుతోందా అంటే దానికీ అమ్మే జవాబు. పిల్ల స్టూలు మీద కూర్చుని చెప్పుల వంక చూస్తుంటుంది. బయట ఇంకా ఇరవై మంది. గ్యాస్ మాత్ర, ఐరన్ మాత్ర, ఒక టానిక్ చేతికొస్తాయి. రక్తహీనత, థైరాయిడ్ చూడాల్సిందే, కాదనను. అంతటితో ఆగిపోవడమే ఇబ్బంది.

మీరు చెప్పాల్సింది చెప్పేసి, "కాసేపు బిడ్డతో విడిగా మాట్లాడండి, నేను బయట కూర్చుంటాను" అనండి. డిప్రెషన్ ఉందేమో చూడటానికి పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నల కాగితం ఉంటుంది, దాని గురించి కూడా అడగండి. గత రెండు వారాల మీద తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3. మొత్తం 10 గానీ ఆ పైన గానీ వస్తే డాక్టరు ఇంకా వివరంగా మాట్లాడి చూడాలి. ఆ అంకె ఒక్కటే జబ్బును తేల్చదు (మార్కుల పిచ్చి కనీసం ఇక్కడైనా వద్దు). తొమ్మిదో ప్రశ్న చనిపోవాలనే ఆలోచనల గురించి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. ఉన్నవాళ్లకు చెప్పుకునే దారి దొరుకుతుంది.

చికిత్స ఉంది. అమెరికాలో డిప్రెషన్ ఉన్న 12–17 ఏళ్ల 439 మందితో చేసిన అధ్యయనం ఫలితాలు 2004లో వచ్చాయి. ఫ్లూఆక్సెటిన్ మాత్ర, సీబీటీ అనే కౌన్సెలింగ్ రెండూ కలిపి ఇచ్చినవాళ్లలో 12 వారాలకు 71 శాతం మంది మెరుగుపడ్డారు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 35 శాతమే. అయితే మందు పనిచేయడానికి నాలుగైదు వారాలు పడుతుంది. మొదట్లో కొందరిలో చావు ఆలోచనలు పెరగవచ్చు కాబట్టి పిల్లల్ని కనిపెట్టుకుని ఉండాలి, మాత్రలు మీ దగ్గరే ఉంచుకోవాలి. "అలవాటైపోతుందేమో" అని పది రోజులకే మీ అంతట మీరు ఆపేయకండి.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది 2014లో అచ్చయిన, అమెరికాలోని సియాటెల్‌లో చేసిన అధ్యయనం. కొత్త మందేమీ లేదు. మామూలు క్లినిక్కుల్లోనే ఒక మనిషిని పెట్టి, పిల్లలను, ఇంట్లోవాళ్లను తరచూ పలకరిస్తూ, తగ్గకపోతే చికిత్స మార్పించారు. ఏడాదికి సగం మంది పూర్తిగా కోలుకున్నారు. ఆ పలకరింపు లేనివాళ్లలో ఐదుగురికి ఒక్కరే. మన డాక్టర్ల దగ్గర అలా ఫోన్ చేసే మనిషి ఉండరు. ఆ పని ఇల్లూ బడీ పంచుకోవాల్సిందే.

మీరూ మీ బిడ్డా ఒప్పుకుంటే మా కౌన్సెలర్ మేడం వారానికోసారి ఫోన్ చేస్తారు. మందు ఎలా ఉంది, మళ్లీ ఎప్పుడు చూపించాలి, అంతే. మార్కుల మాట ఎత్తరు, విషయం స్టాఫ్‌రూమ్‌కు రాదు. డాక్టరు దగ్గరికి వెళ్లే రోజు సెలవు చీటీలో కారణం రాయక్కర్లేదు. రాత్రిపూట టెన్షన్‌గా ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి చేయండి, 24 గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ప్రాణానికి ముప్పు అనిపిస్తే మాత్రం ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

వచ్చే శనివారం పేరెంట్స్ మీటింగ్ అయ్యాక మేడం లైబ్రరీలో ఉంటారు. నాన్నగార్లు కూడా ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టేసి వెళ్లిపోకుండా ఒకసారి కలవండి.

ప్రధానోపాధ్యాయురాలు