వానరోడ్డు, ఎర్ర బిళ్ల

ఒరేయ్ శీనూ,

ఫోన్లో చెబితే సగంలో కట్ చేస్తావు, అందుకే రాస్తున్నా. మొన్న సూర్యాపేట నుంచి ఖమ్మం వస్తుంటే వాన పట్టుకుంది. రాత్రి తొమ్మిదిన్నర. బండి లైటు వెలుగుతూనే ఉంది, రోడ్డు మాత్రం కనబడదు! పాడైందేమోనని దిగి లైటుకి చెయ్యి అడ్డం పెట్టి చూశా. శుభ్రంగా ఉంది. ఎదురుగా లారీ వస్తే మాత్రం రోడ్డంతా వెండి రేకు పరిచినట్టు మెరిసి కళ్లు బైర్లు కమ్మాయి.

ఇంటికొచ్చి తల తుడుచుకుంటుంటే అప్పుడు వెలిగింది. పొడి తారురోడ్డు గరుకు కదా, లైటు పడితే అన్ని వైపులా చెదురుతుంది. అందులో కాస్త వెనక్కొచ్చి మన కంట పడుతుంది. వానకి ఆ గరుకంతా నీళ్లతో నిండి, పైన నున్నటి పొర కడుతుంది. ఇక అది రోడ్డు కాదు, అద్దం. మన లైటు ముందుకి జారిపోతుంది, అవతలివాడిది జారి మన కళ్లలో పడుతుంది.

మన ఊరి కోనేరు గుర్తుందా? కాళ్ల దగ్గర చేపపిల్లలు కనబడేవి, అవతలి ఒడ్డు వైపు చూస్తే ఆకాశమే. నిటారుగా పడే వెలుగులో నీళ్లు వెనక్కి కొట్టేది నూటికి 2 వంతులే. నీటిని రాసుకుంటూ వెళ్లే వెలుగైతే దాదాపు అంతా పైకే లేస్తుంది. హెడ్‌లైటు వెళ్లేది అలాగేగా. తెల్లగీతల్లో గాజుపూసలు కలుపుతారు, వెలుగుని వెనక్కి తిప్పడానికి. వాటి మీదా నీళ్లు నిలిస్తే అవీ గుడ్డివే.

అసలు సంగతి ఇప్పుడు. ముందు ఒక ట్రాక్టరు ట్రాలీ, వెనక లైటే లేదు. దాదాపు గుద్దేసేవాణ్ణే. ఒక మూల రూపాయి బిళ్లంత ఎర్ర ముక్క భగ్గుమంది, బ్రేకు తొక్కా. సైకిళ్ల వెనక ఉంటుందే, అదే. లోపల మూడేసి చిన్న గోడలు గది మూలలా కలుస్తాయి. వెలుగు ఎటునుంచి వచ్చినా వాటికి తగిలి తగిలి వచ్చిన దారినే పోతుంది. 1969లో అపోలో 11 వాళ్లు చంద్రుడి మీద పెట్టొచ్చిన పలకలో ఉన్నవీ ఇలాంటి మూలలే, 100. ఇక్కణ్ణుంచి లేజరు కొడితే రెండున్నర సెకన్లలో తిరిగొస్తుంది.

నీ స్కూటరు వెనక బిళ్ల పగిలి ఎన్నాళ్లయిందిరా? దసరాకి వచ్చేలోపు మార్పించు. నలభై రూపాయలు కూడా కాదు, బేరం మాత్రం ఆడకు.

నీ
రాజు